దారం చివర గుండు ఆగేదాకా

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "క్లాసులో ఒకాయన కళ్ళు మూసుకోమంటే మూసుకోవడం లేదక్కా, ఏం చేయాలి?" అని అడుగుతారు. "మూసుకోకపోతే నీకేం పోయింది?" అంటాను. రిటైరయ్యాక ఈవిడకి చాదస్తం ఎక్కువైందనుకుంటారు కాబోలు. ఆ మాట వెనక ఒక మేస్త్రి ఉన్నాడు. ఆయన సంగతి ఫోన్‌లో చెబితే తెగేది కాదు, అందుకని కూర్చుని రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది కామాటిపురలో. మా ముత్తాత ఈ ఊరికి తట్ట మోయడానికి వచ్చాడు, నేను నర్సునయ్యాను. ఉద్యోగంలో చివరి ఆరేళ్ళు తాగుడు మాన్పించే కేంద్రంలో చేశాను. గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగితే పది నిమిషాల నడక. రెండంతస్తుల పాత భవనం, కింద మా గదులు, పైన గ్యాలరీల వెంట కాపురాలు; ఇలాంటి భవనాన్ని ఇక్కడ చాల్ అంటారు. తెలుగు వచ్చిన నర్సు నేనొక్కదాన్నే కాబట్టి తెలుగువాళ్ళందరూ నా నెత్తినే పడేవారు. నిజం చెప్పాలంటే పడాలనే నేనూ కోరుకునేదాన్ని. నాకు పుట్టుకతో వచ్చిన జబ్బొకటుంది, ఆరా తీయడం. ఎవరెందుకు ఎడమచేత్తో టీ తాగుతున్నారో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు.

మా దగ్గరికి వచ్చేసరికే వాళ్ళు ఆసుపత్రిలో కొన్ని రోజులు ఉండి, డాక్టరు మందులతో ఒంట్లో వణుకు తగ్గించుకుని వచ్చేవారు. ఆ పని మందులది, దాంట్లో మేం వేలు పెట్టం. ఆ తర్వాతది మా వంతు. పొద్దున గంటసేపు ఊపిరి మీద ధ్యాస, కీళ్ళు వదులు చేసుకోవడం, పడుకుని కాలి వేళ్ళ నుంచి తలదాకా ఒంటిని గమనించుకోవడం. నన్ను పదిహేను రోజులు శిక్షణకు పంపారు. అక్కడ మరాఠీలో నేర్పింది నేను తెలుగులో రాసుకున్నాను. నా తెలుగంటే నాకు మహా గర్వం. "మీ ఒళ్ళు తేలికవుతోంది... దూదిలా తేలిపోతోంది... కింద నేల లేదు, గాలి ఉంది..." అని గొంతు తగ్గించి చెబుతుంటే గూడ్స్ షెడ్డు హమాలీలు ఐదు నిమిషాల్లో గురక పెట్టేవారు. ఆ గురకే నాకిచ్చిన సర్టిఫికెట్ అనుకునేదాన్ని.

ఆ మేస్త్రి ఒక వానాకాలం పొద్దున వచ్చాడు. నలభై దాటని మనిషి, పాలమూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడ గోడలు కడుతున్నవాడు. రెండేళ్ళుగా కట్టడం మానేసి తాగుతున్నవాడు. వెంట భార్య వచ్చింది. ఆవిడ ఆయన పక్కన కూర్చోలేదు, గుమ్మం దగ్గర నిలబడింది. ఆయన గదంతా చూసి, వీధివైపు గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. నేను క్లాసు మొదలుపెట్టాను. "ఒళ్ళు తేలికవుతోంది" అనే దగ్గరికి వచ్చాను. ఆయన ఒక్కసారి లేచాడు. మంచినీళ్ళ కుండ తన్నుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి పరుగెత్తాడు. సాయంత్రానికి దేశీ సారా దుకాణం ముందు పడి ఉన్నాడని కబురొచ్చింది.

నేను రిజిస్టరులో 'ఆసక్తి లేదు' అని రాశాను. ఈ ముచ్చటలో నా మొదటి తప్పు 'తేలికవుతోంది' అనడం కాదు, అది తెలియక చేసింది. ఈ రెండు మాటలు మాత్రం నా సొంత చేతిరాత. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

మా డాక్టరమ్మ నాకంటే పాతికేళ్ళు చిన్నది, సాతారా వైపు పిల్ల. రిజిస్టరు చూసి, "ఆసక్తి లేనివాడు నెమ్మదిగా వెళ్ళిపోతాడు కదా సిస్టర్. ఇతను పరుగెందుకు పెట్టాడు?" అంది. అది తిట్టో ప్రశ్నో నాకు తెలియలేదు గానీ నా జబ్బు మాత్రం లేచి కూర్చుంది. అవును, ఎందుకు పరుగెత్తాడు?

మర్నాడు డ్యూటీ అయ్యాక వాళ్ళ చాల్‌కి వెళ్ళాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. భార్య గ్యాలరీలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడింది.

"నీకు చెప్పలేదా ఆసుపత్రోళ్ళు? నా తమ్ముడు పోయిండక్కా. ఇద్దరు ఒక్క సైటు మీదనే పనిచేస్తుండిరి."

"ఎట్ల పోయిండు?"

"పరంజా పలక ఇరిగింది. ఈయన మీద ఉండె, వాడు కింద రెండో అంతస్తుల ఉండె. గంతే ఎర్క నాకు. ఈయన చెప్పడు, నేనడగ."

"రెండేండ్ల సంది అడగలేదా?"

"ఏమని అడగాలె? అడిగితే వాడొస్తడా?" అని తలుపు సందులోంచి ఒకసారి లోపలికి చూసి, "దసరాదాకా చూస్తనక్కా. రెండు దసరాలు దాటినయ్, పనిముట్ల సంచి తెరవలేదు, బొట్టు పెట్టలేదు. ఈసారి గూడ తెరవకుంటే పిల్లను తీస్కొని పాలమూరు పోత. ఈడ ఉండి వాని పటం, ఈయన ముఖం రెండు చూడలేను" అంది.

సంచి మంచం కింద ఉంది. మేస్త్రీల ఇళ్ళలో దసరానాడు తాపీ, మట్టం, గుండు అన్నీ కడిగి బొట్టు పెడతారని మీకు తెలిసే ఉంటుంది. ఆ ఒక్క రోజు వాటికి సెలవు, మర్నాడు మళ్ళీ పని. సెలవు రెండేళ్ళు సాగితే ఆ ఇల్లెలా ఉంటుందో ఆ గ్యాలరీలో నిలబడి చూశాను. దసరాకి ఇంకా రెండు నెలల పైన ఉంది.

ఆయన మళ్ళీ వచ్చేలా చేయడానికి మూడు వారాలు పట్టింది. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ మందులు. ఈసారి నేను కళ్ళు మూసుకోమనలేదు, పడుకోమనలేదు. ఊరికే కూర్చోమన్నాను. ఆయన అదే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తక్కినవాళ్ళు ఊపిరి లెక్కపెడుతుంటే ఆయన తల కొంచెం పక్కకి వంచి ఉండేవాడు, ఎవరో పిలుస్తారని చూస్తున్నట్టు. రోజూ అదే వంపు. ఎడమ చెవి కిందికి. నాకు నిద్ర పట్టడం మానేసింది.

ఒకరోజు క్లాసయ్యాక టీ ఇచ్చి అడిగేశాను. "తమ్మీ, ఏం ఇంటుంటవ్ రోజు?"

"ఏం లేదక్కా."

"ఏం లేనిదానికి మెడ నొయ్యదా?"

చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు అదే మొదటిసారి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా తొణుకుతూనే ఉంది. దాన్ని చూస్తూ చెప్పాడు.

"గోడ సీదా ఉన్నదా లేదా చూస్తందుకు ఓలంబా ఇడుస్తం కదక్కా. దారానికి ఇత్తడి గుండు. మీద నేను దారం పట్టుకుంట, కింద నా బామ్మర్ది గుండు చూస్తడు. గుండు ఊగుడు బందయితే వాడు 'ఆగింది' అంటడు. అప్పుడు కొలుస్తం. ఆ దినం ఇడిసిన. వాడు అంటలేడు. ఎంత సేపాయె, అంటలేడు. నేను జల్ది చెప్పురా అని ఒర్లిన. చేతిల దారం ఒక్కసారి బరువయింది. మల్ల తేలికయింది." గ్లాసు కింద పెట్టాడు. "అప్పుడు కిందికి చూసిన."

పడిపోతూ ఆ కుర్రాడు దారం పట్టుకున్నాడు. అది తెగింది. రెండేళ్ళ తర్వాత ఈ మేస్త్రి ఎదురుగా కూర్చుని, కళ్ళు మూయించి, కింద నేల లేదు, తేలికవుతున్నావు అని నేను ముద్దుముద్దుగా చెప్పాను. ఏడుపొచ్చింది. ఆయన ముందే ఏడ్చాను. శిక్షణలో అలా చేయకూడదని చెప్పారు. ఆయనే కంగారుపడి, "నీకెట్ల ఎర్కయితదక్కా?" అని నన్ను ఓదార్చాడు.

డాక్టరమ్మకి అంతా చెప్పాను. ఆమె అడిగిన ప్రశ్న నాకు తట్టనిది. "ఆ గుండు ఊగడం ఆగేదాకా మేస్త్రీలు ఏం చేస్తారు సిస్టర్?"

ఏం చేస్తారో నాకేం తెలుసు? మా ముత్తాతతోనే ఆ విద్య మా ఇంట్లోంచి పోయింది. మర్నాడు ఆయన్నే అడిగాను.

"ఏం చెయ్యరు. చెయ్యి కదలొద్దు. సగం ఊపిరి ఇడిసి, మిగిలింది నెమ్మదిగ తీస్కుంట, చూస్తుండాలె."

"కండ్లు మూస్కొనా?"

"కండ్లు మూస్తే గుండెట్ల కనపడ్తదక్కా?" అన్నాడు, ఇంత తెలివితక్కువదాన్ని ఎక్కడా చూడనట్టు.

పదిహేను రోజుల శిక్షణలో నాకు నేర్పినదాన్నే ఈయన ఇరవై ఏళ్ళుగా పరంజా మీద నిలబడి రోజుకి పదిసార్లు చేస్తున్నాడు. మా కేంద్రానికి ఊపిరి నేర్చుకోవడానికి వచ్చాడని రిజిస్టరులో రాసింది నేనే.

ఆ గుండు ఒకటి తెమ్మని అడిగాను. తెస్తానని ఆయన అనలేదు, తేనని కూడా అనలేదు. వారం రోజుల తర్వాత లుంగీ గుడ్డలో చుట్టి తెచ్చాడు. బామ్మర్దిదే. మంచం కింద సంచిలోంచి కాదు, గూట్లో దేవుడి పటాల వెనక నుంచి భార్య తీసి ఇచ్చిందట. ఒక్క మాట కూడా అనలేదట. దానికి మూరెడు తెగిన దారం ఇంకా వేలాడుతోంది. ఆ రోజు క్లాసంతా కొత్త దారం ముడి వేయడానికే సరిపోయింది. వేళ్ళు వణికి దారం గుండు కన్నంలోకి వెళ్ళలేదు. నేను సాయం చేయబోతే హమాలీ పెద్దాయన ఒకాయన, "ఉండమ్మా, ఆయన ముడి ఆయన్నే ఏస్కోనీ" అని నా చెయ్యి పట్టి ఆపాడు. గురక పెట్టేవాళ్ళందరూ ఆ రోజు మెలకువగా ఉన్నారు.

అప్పటి నుంచి ఆయన సాధన అదే. భుజం ఎత్తున దారం పట్టుకుని, కళ్ళు తెరిచి, గుండు నెమ్మదించేదాకా ఊపిరి చూసుకోవడం. మొదట్లో గుండు ఆగేది కాదు, ఆ చేతుల వణుకుకి గడియారం లోలకంలాగా కొట్టుకునేది. "దాన్ని ఆపుతందుకు చూస్తవేమో" అంటే, "ఆపుదామని చూస్తే ఇంకింత ఊగుతదక్కా, ఇడిసిపెట్టాలె" అనేవాడు. మధ్యలో ఒకసారి తాగాడు. నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు వచ్చి, తాగానని తనే చెప్పి, గుండు తీశాడు. నేను రిజిస్టరులో ఏమీ రాయలేదు. నాలుగు ఖాళీ గడులు అలాగే ఉంచాను.

ఒకరోజు, అప్పటికి చేతి వణుకు చాలావరకు తగ్గింది, ఆయన ఏం తోచక గుండుని తను రోజూ ఆనుకునే గోడకి పెట్టాడు. పెట్టి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూశాడు.

"అక్కా, ఈ గోడ వంగింది."

"ఏ గోడ?"

"గీ గోడ. ఈడికే రెండు వేళ్ళ మందం బైటికి పోయింది."

ఆ గోడకే నాలుగేళ్ళుగా అందరినీ ఆనుకుని కూర్చోమంటున్నాను. 'మీ వెనక గట్టి ఆధారం ఉంది, ఆ ధైర్యాన్ని వీపుతో తెలుసుకోండి' అన్నది కూడా నా తెలుగే. హమాలీలందరూ చాపలు ఎత్తుకుని ఎదురు గోడవైపు జరిగారు. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, "పైన కాపురాలున్నాయి, ఎంత ప్రమాదం?" అని హిందీలో అడిగింది.

"మీదికెల్లి ఓలంబా ఇడిస్తే గని తెల్వదు మేడం" అన్నాడు.

అన్నాక ఆయనే ఆగిపోయాడు. రెండో అంతస్తు నుంచి వదలాలి. ఎవరో మీద నిలబడి కిందికి చూడాలి. గదిలో అందరికీ ఆ సంగతి ఒక్కసారే తట్టింది.

నేనైతే, వాయిదా వేస్తే దసరా దాటిపోతుంది, పోనీ చేసేద్దాం అన్నాను. అది నా రెండో తప్పని మీరు అనవచ్చు, డాక్టరమ్మ అప్పుడే అంది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంజనీరుకు కాగితం రాసింది. తర్వాత ఆయన్ని ఒంటరిగా కూర్చోబెట్టి రోజూ కొంచెం కొంచెం పైకి తీసుకెళ్ళింది. మొదటి రోజు నాలుగు మెట్లు, తర్వాత మొదటి అంతస్తు, తర్వాత గ్యాలరీ కటకటాలకి రెండు అడుగుల దూరం. మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి. వద్దంటే వెంటనే దిగిపోవడం. "ధైర్యం ఉన్నవాళ్ళు దూకుతారు సిస్టర్, మనకి కావలసింది దిగడం కూడా వచ్చినవాడు" అని నాకు విడిగా క్లాసు తీసుకుంది. నోరు మూసుకుని విన్నాను.

దసరాకి నాలుగు రోజుల ముందు ఆయనే వచ్చి, "ఇయ్యాల ఇడుద్దాం" అన్నాడు.

పైన ఆయన, పక్కనే డాక్టరమ్మ. కింద నేను. గుండు చూసి చెప్పే పని నాదే అని ముందే అనుకున్నాం. గ్యాలరీల్లో ఆడవాళ్ళు నిలబడ్డారు. గుండు గోడ వెంట నెమ్మదిగా దిగింది. నా మోకాలి ఎత్తుకి వచ్చి ఆగి, ఊగడం మొదలుపెట్టింది. అంత పొడుగు దారానికి ఊగు చాలా పెద్దది, నాకా సంగతి తెలియదు. తల ఎత్తి చూశాను. ఆయన కటకటాల మీంచి వంగి కిందికి చూస్తున్నాడు. ముఖం బూడిద రంగులో ఉంది. చెమట చుక్క ఒకటి నా పక్కన రాయి మీద పడింది. డాక్టరమ్మ ఏదో చెబుతోంది, ఊపిరి గురించే అయ్యుంటుంది. గుండు ఊగుతూనే ఉంది. నాకు భయం వేసింది. ఆయన్ని అక్కడి నుంచి త్వరగా దింపేయాలి, అంతే. గట్టిగా అరిచాను.

"ఆగింది తమ్మీ, ఆగింది!"

పైనుంచి ఆయన గొంతు వచ్చింది. కోపం కాదు, అలసట.

"అబద్ధం చెప్పకక్కా. దారం నా చేతిల ఉంది."

చాల్ మొత్తం విన్నది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అంత చిన్నబోయిన క్షణం నాకు ఇంకొకటి లేదు. ఆయన మంచికే అన్నాననుకున్నాను. కానీ రెండేళ్ళుగా ఆ మనిషి చెవి ఒగ్గి కూర్చున్నది ఏదో ఒక మాట కోసం కాదు, నిజమైన మాట కోసం. నేను ఇచ్చింది ఊరడింపు. దాని బరువెంతో ఆయన చేతికి తెలుసు.

"కొంచెం జరుగక్కా" అని వెనక నుంచి వినపడింది.

ఆయన భార్య. ఎప్పుడు వచ్చిందో, కుళాయి దగ్గర నుంచి నీళ్ళ బకెట్ మోసుకొచ్చింది. నన్ను భుజంతో పక్కకి నెట్టి, బకెట్‌ని గుండు కిందికి జరిపింది. గుండు నీళ్ళలో మునిగింది. పొడుగు దారం వదిలినప్పుడు జల్ది ఆగడానికి నీళ్ళలో పెడతారని నాకు తర్వాత తెలిసింది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ కూడా వాళ్ళిద్దరితో సైటు మీద సిమెంటు మాలు మోసిందని కూడా తర్వాతే తెలిసింది. ఇన్ని ఆరాలు తీసినదాన్ని, ఆవిడేం పని చేసిందో మాత్రం అడగలేదు.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని దారాన్ని చూసింది. తల ఎత్తలేదు. నీళ్ళ మీద సన్నటి అలలు అంచులకు తగిలి వెనక్కి వస్తున్నాయి. ఎంతసేపైందో చెప్పలేను. వీధిలో టాక్సీ హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఆవిడ పెదవి కొరుక్కుంది. ఒకసారి నోరు తెరిచింది, మళ్ళీ మూసింది, ఇంకా ఊగుతోంది కాబట్టి. పైన ఆయన అలాగే వంగి ఉన్నాడు. ఈసారి జల్ది చెప్పమని అరవలేదు.

అలలు పోయాయి.

"ఆగింది" అంది ఆవిడ.

అంత గట్టిగా కూడా అనలేదు. అయినా పైన వినపడింది. దారం కాసేపు అలాగే నిలబడి, తర్వాత నెమ్మదిగా పైకి వెళ్ళింది, నీళ్ళు కారుతూ. ఆవిడ ఆ గుండు పైదాకా వెళ్ళేవరకూ చూసి, బకెట్ పక్కన నేల మీద కూలబడి, తమ్ముణ్ని పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. ఆయన మెట్లు దిగి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఈ ఒక్కసారి నేను ఆరా తీయలేదు.

గోడ సంగతి అడుగుతారని తెలుసు. "మూడు వేళ్ళ మందం ఒరిగింది. ముసల్దయింది గని పడది" అన్నాడు. తర్వాత వచ్చిన ఇంజనీరు కూడా కాగితం మీద ఇంచుమించు అదే రాసి, ఒక దన్ను పెట్టించి వెళ్ళాడు.

ఆ తర్వాత అంతా బాగైపోయిందని రాస్తే మీరు నమ్మకూడదు. తర్వాతి ఏడాది ఇంకోసారి తాగాడు, ఇంకోసారి మానాడు. ఎత్తు పనులకి పోడు, కింది అంతస్తుల్లో ప్లాస్టరింగ్ చేస్తాడు. తల వంపు ఇంకా కొంచెం ఉంది. భార్య పాలమూరు వెళ్తుంది, కానీ పండుగలకే, వెళ్ళి తిరిగి వస్తుంది. నేను నా తెలుగు కాగితం చింపేశాను. రిటైరయ్యేదాకా కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళనీ మొదట అడిగింది ఒకటే, "నీ పనిలో ఆగి చూడవలసింది ఏముంటుంది?" అని. హమాలీ ఒకరకంగా చెప్పాడు, జరీ పనివాడు ఒకరకంగా చెప్పాడు. వినండి, వాళ్ళకి తెలుసు.

ఆ దసరాకి నన్ను, డాక్టరమ్మని పిలిచారు. మంచం కింద నుంచి సంచి బయటికి వచ్చింది. రెండు తాపీలు, రెండు మట్టాలు, అన్నీ కడిగి పీట మీద పెట్టారు. గుండుకి భార్యే పసుపు రాసి, బొట్టు పెట్టి, దూలానికి కొట్టిన మేకుకి దారంతో వేలాడదీసింది. చెయ్యి తగిలి అది ఊగసాగింది. ఆయన కొబ్బరికాయ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, కొట్టలేదు. ఎందుకాగాడో ఆ గదిలో ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను నోరు గట్టిగా మూసుకుని, ఆయన భార్య 'ఆగింది' అని చెప్పేదాకా గుండునే చూస్తూ నిలబడ్డాను.